ఆ ముక్క నాది కాదు

సెప్టెంబరు 9

తిన్నదీ, తిన్నాక వచ్చిన నొప్పీ రోజూ రాయమన్నాడు డాక్టరు ఉమాశంకర్. "రాయడం వచ్చా పోలిరాజు గారూ?" అని అడిగాడు. వచ్చు అన్నాను. ఎంతవరకు వచ్చో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

తిన్నది: ఏమీ లేదు. కడుపులోకి గొట్టం వేస్తారని పొద్దున్నుంచి పస్తు. నొప్పి: ఉంది.

హార్బరు వాళ్ళకు కడుపు పరీక్ష ఉచితమని మైకులో చెప్పారు. మా వాళ్ళలో కడుపుమంట లేనివాడు ఎవడు? నేనూ, మా చెల్లెలు గురువమ్మ మొగుడు దొరబాబూ కలిసి వెళ్ళాం. నా చీటీ ముందుంది, వాడిది ఎక్కడో చివర. వాడు పనిచేసే బోటు తెల్లవారుతూ ఒడ్డుకొచ్చింది, జెట్టీ మీద వేలం మొదలైపోయింది. వాడు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"బావా, నీ సీటీ ఇటియ్యి. నాను బేగి ఎల్లకపోతే ఆ పాటగాడు నా రొయ్యల్ని నెత్తళ్ళ రేటుకి కొట్టేత్తాడు."

ఇచ్చాను. వాడి చీటీ నేను తీసుకున్నాను. ఐసు ప్లాంటు దగ్గర మేం రోజూ చేసే పనే. ఎవడికి తొందరుంటే వాడికి ముందు చీటీ ఇచ్చేస్తాం. చీటీ మీద ఏ బోటు పేరున్నా ఐసు ఐసే కదా. గొంతులో మందు కొట్టారు, నాలుక కట్టెలా అయిపోయింది. సీసాల మీద చీటీల వరసలో పేర్ల కాగితాలు ముందే అంటించి పెట్టుకున్నారు. నర్సు చీటీ చూసి లోపలికి తోసింది. కడుపులోంచి చిన్న ముక్క గిల్లారట.

బయట కూర్చున్నప్పుడు నీలిమ అనే పిల్ల వచ్చింది. చదువుకుంటూ ఏదో పరిశోధన చేస్తోంది. మా ముక్కలో కొంచెం ఆమెకిస్తే రోగాల మీద పనికొస్తుందట. వేలిముద్ర డబ్బా ముందుకు తోసింది. పెన్ను ఇయ్యమని సంతకం పెట్టాను. ఏ గ్రూపు రక్తం అని అడిగింది. ఓ అని చెప్పాను, కాస్త గట్టిగానే. హార్బరులో ఎవడి చెయ్యి వల లాగే వించిలో పడినా మొదట పిలిచేది నన్నే. అది ఆ పిల్లకు తెలియదు కదా.

సెప్టెంబరు 10

తిన్నది: గంజి. నొప్పి: మామూలే.

సెప్టెంబరు 19

నాకు కేన్సరట.

మా అమ్మాయి దుర్గ నాతో వచ్చింది. డాక్టరు నాకు చెప్పకుండా నా కూతురి మొహం చూస్తూ చెబుతున్నాడు. "ఇటు సూసి సెప్పయ్యా. కడుపు నాది" అన్నాను. అప్పుడు నావైపు తిరిగాడు. తొలి దశ, భయం లేదు, కడుపులో కొంత కోసి తీసేస్తాం అన్నాడు. కోసేది నన్ను, భయం లేనిది అతనికి.

దొరబాబుకు వాపు మాత్రమేనట. మాత్రలిచ్చి పంపేశారు.

ఇదేం న్యాయం? నేను చుట్ట మానేసి ఏళ్ళయింది. వాడు ఈ రోజుకీ నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతాడు. నేను తెల్లారుతూ గంజి తాగుతాను. వాడు ఎండు చేప కాల్చుకుని దానిమీద నాటుసారా పోసుకుంటాడు. వాడికి మాత్రలు, నాకు కత్తి.

సాయంత్రం కోనాం చేప పట్టుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి నన్ను కాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"సగం కోసీసినా పర్లేదు బావా. మిగిల్నాది మన పేట మొత్తానికి సరిపోద్ది. అంత కడుపు నీది."

"నీ సేపా ఒద్దు, నువ్వూ ఒద్దు. బైటికి పో."

పోలేదు. పొయ్యి దగ్గర కూర్చుని తనే కోశాడు, తనే వండాడు. సగం తనే తిన్నాడు. వెళ్ళేటప్పుడు దుర్గతో మెల్లగా ఏదో అన్నాడు. ఏటన్నాడే అంటే, రాత్రికి నాన్నని ఒంటరిగా ఒగ్గకు అన్నాడట. వీడెవడు నా గురించి చెప్పడానికి.

సెప్టెంబరు 20

ఎవరితోనూ మాట్లాడలేదు. పక్కింటి వాళ్ళు పలకరించడానికి వచ్చారు. తలుపు వేసుకున్నాను.

సెప్టెంబరు 24

స్కాను తీశారు. పెద్దగా ఏమీ కనపడలేదు, అదే మంచిది అన్నాడు డాక్టరు. ఏమీ కనపడకపోతే ఏం కోస్తావు అని అడిగాను. ముక్కలో ఉంది కదా అన్నాడు. అక్టోబరు పద్నాలుగున ఆపరేషను.

తిన్నది: అన్నం, చారు. నొప్పి: తక్కువ. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. నొప్పి తగ్గుతుంటే కోయడం దేనికి?

సెప్టెంబరు 27

ఈ రోజు మా అమ్మను తిట్టినంత పని చేసింది ఆ పిల్ల.

నీలిమ ఫోను చేసి, ఒకసారి వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళండి తాతగారూ అంది. రెండు ఆటోలు మారి వెళ్ళాను. సూది గుచ్చుతూ, మీది నిజంగా ఓ గ్రూపేనా అని అడిగింది.

"అంటే నాను అబద్ధం సెప్పానా?"

"కాదండీ. మీ ముక్కలో 'ఏ' గ్రూపు రంగు వస్తోంది. అలా రాకూడదు."

"మా అమ్మా నాన్నా ఎవురో నాకు తెలుసమ్మా. ఏ లేదు, బీ లేదు మా ఇంట్లో. నీ రంగు తప్పు."

"అయ్యుండొచ్చు తాతా. నేనూ మా సీసాలో మందే పాడైపోయిందనుకుంటున్నాను. కొత్తది తెప్పిస్తాను" అంది.

ఇంకా ఏదో చెప్పింది. రక్తం గ్రూపంటే కణాల మీద ఉండే ఒక రకం చక్కెరట. షుగరు నాకు లేదు అన్నాను. ఆ షుగరు కాదు అంది. అక్కడ ఇంకో ఇద్దరు పిల్లలు నవ్వారు. సూది తీసి దూది పెట్టకముందే లేచి వచ్చేశాను. చొక్కా చేతికి రక్తం అయింది. స్టీలు ప్లాంటు వాళ్ళ పిల్లట, కూర్మన్నపాలెం. వాళ్ళ నాన్నెవరో కొలిమి దగ్గర నిలబడి చదివించి ఉంటాడు, ఇలా ముసలాళ్ళను పిలిచి అడగమని కాదు.

అక్టోబరు 3

కొత్త సీసా వచ్చింది. మళ్ళీ రమ్మంది. వెళ్ళకూడదనుకున్నాను. దుర్గ లాక్కెళ్ళింది.

నా ముక్క అంటించిన ఒక గాజు పలకను మైక్రోస్కోపు గొట్టం కింద పెట్టి కన్ను ఆనించమంది. మొదట నా రెప్పే కనపడింది. తర్వాత నీలంగా చుక్కలు, మధ్యమధ్యలో గోధుమరంగు.

నీలిమ నిదానంగా చెప్పింది. ఆ సీసాలో మందు పేరు యాంటీబాడీ. 'ఏ' గ్రూపు చక్కెర ఎక్కడుంటే అక్కడే పోయి అతుక్కుంటుంది, అతుక్కున్న చోట గోధుమరంగు తేలుతుంది. ఓ గ్రూపు వాళ్ళ ముక్కకు ఆ రంగు పట్టదు.

"సన్న కవ్వళ్ళ వలలో పెద్ద కోనాం పడదు. అలగా?" అన్నాను.

"అంతే తాతా. ముందు నేనూ నమ్మలేదు. కేన్సరు కణాలు ఒక్కోసారి తమకు లేని గ్రూపు కూడా చూపిస్తాయి. అందుకని పక్కనున్న రక్తనాళాలు చూశాను. వాటికీ ఇదే రంగు. మీ రక్తం మళ్ళీ చూశాను, ఓ గ్రూపే. కొత్త సీసాతో చేశాను, తెలిసిన ఓ ముక్క పక్కన పెట్టి చేశాను. దానికి రంగు పట్టలేదు, దీనికి పట్టింది." గాజు పలక తీసి నా ముందు పెట్టింది. "ఈ ముక్క మీది కాదు."

దుర్గ అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ నవ్వింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. వరండాలోకి వచ్చి అరిచాను. ఎవడిదో ముక్క చూసి నా కడుపు కోసేద్దామనుకున్నార్రా అని, పద్నాలుగో తారీకు వేశార్రా అని. జనం పోగయ్యారు. వాచ్‌మన్ వచ్చి చెయ్యి పట్టుకుంటే తోసేశాను. డాక్టరు ఉమాశంకర్ పరుగెత్తుకొచ్చాడు. అతని మొహం పాలిపోయి ఉంది. బాగా అయింది.

తర్వాత గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అడిగాడు.

"ఆ రోజు మీ ముందూ వెనకా ఎవరున్నారు? ఎవరితోనైనా చీటీ మార్చుకున్నారా?"

"లేదు" అన్నాను.

నీలిమ నావైపు చూసింది. "గుర్తు తెచ్చుకోండి తాతా. ఆ ముక్క ఎవరిదో వాళ్ళకు తెలియదు. తమకేం లేదనుకుని తిరుగుతుంటారు."

"నాకేం తెలుసమ్మా. మీ ఆసుపత్రి, మీ సీసాలు."

ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ ఫోన్లు చేసి మళ్ళీ పిలుస్తారట. పిలవనీ. అది వాళ్ళ పని.

తిన్నది: దుర్గ చందువా పులుసు చేసింది. బాగా తిన్నాను. నొప్పి: లేదు.

అక్టోబరు 4

తప్పు వాళ్ళది. మనిషిని చూసి, పేరడిగి, అప్పుడు గొట్టం వేయాలి. వాళ్ళు చీటీని చూశారు. చీటీకి కడుపుంటుందా?

ఆ రోజు ఎంతమంది వచ్చారు! అందులో 'ఏ' గ్రూపు వాడు ఎవడైనా కావచ్చు. ఊళ్ళో సగం మంది 'ఏ' గ్రూపే.

దొరబాబుది 'ఏ'. వాడి చెయ్యి వించిలో నలిగినప్పుడు నా రక్తమే ఎక్కించారు. మీది ఓ కాబట్టి 'ఏ' గ్రూపు వాళ్ళకు కూడా పనికొస్తుందన్నారు. అది వేరే సంగతి.

అక్టోబరు 5

రాయడానికి ఏమీ లేదు.

గురువమ్మ వచ్చింది. ఆసుపత్రి నుంచి ఫోను వస్తే దొరబాబు తీయలేదట. "ఏటో కేంపు గోల అన్నా. రేపు తెల్లారితే బోటెల్తంది, మళ్ళీ రెండు వారాలకి గానీ రాడు" అంది. నాకు నయమైందని కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ప్రసాదం చేతిలో పెట్టింది. తినలేదు. బల్లమీద ఉంది.

అక్టోబరు 6

చీకటితోనే హార్బరుకు వెళ్ళాను. దుర్గకు చెప్పలేదు.

వాడి బోటులోకి ఐసు జారుతోంది. చప్పుడుకు మాట వినపడదు. దొరబాబు కింద గదిలో పార పట్టుకుని ఐసు సర్దుతున్నాడు. నన్ను చూసి అరిచాడు.

"ఏటి బావా! సచ్చి బతికినోడివి, ఇంట్లో పడుకోకుండా ఇలగొచ్చావేటి?"

"పైకి రా. పనుంది."

"సేపలకి పనుంది నాకు."

"రారా ఎదవా!"

వచ్చాడు. గడ్డం మీద ఐసు తునకలు. చెప్పాను. ఎలా చెప్పాలో రాత్రంతా కూర్చుకున్నదేదీ నోటికి రాలేదు. ఆ ముక్క నీది బావా అన్నాను. సీటీ మార్చుకున్నాం గదా, సీసా మీద నా పేరుంది, లోపల నీ కడుపుంది అన్నాను.

వాడి చేతిలో ఇంకా పార ఉంది. దాన్ని నేలకేసి కొట్టాడు.

"అలగా? కత్తికి జడిసిపోయి నీ రోగం నాకంటగడతన్నావా?"

"రోగం నీదే. రంగు పట్టింది."

"ఏటి పట్టింది?"

"గోధుమరంగు. నీ గ్రూపుది. నాను గొట్టంలో సూశాను."

"నువ్వు సూశావు! పేరు రాయడానికి పూట పట్టుద్ది నీకు, నువ్వు గొట్టంలో సూసి నాకు కేన్సరని సెప్తావా? ఒరే, ఈడి మాట ఇన్నార్రా?"

కలాసీలు నవ్వలేదు. అందరూ తలలు వంచుకుని తాళ్ళు సర్దుతున్నారు. నేను వాడి భుజం పట్టుకున్నాను. వాడు నా చెంప మీద కొట్టాడు. నా పెళ్ళయినప్పటి నుంచి నా ఒంటి మీద ఎవడూ చెయ్యి వేయలేదు. వేరే ఎవడైనా అయితే నీళ్ళలో పడేసేవాణ్ణి. నేరుగా డ్రైవరు గదిలోకి వెళ్ళి చక్రం ముందు కూర్చున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను.

"దిగు."

"దిగను. ఎల్తే నాతోనే ఎల్లు. సముద్రంలో నీకు కడుపు నొప్పొస్తే నానే తోలుకొస్తాను."

"బావా, ఐసు కరిగిపోద్ది. ఓనరు సంపేత్తాడు."

"సంపనీ."

నలుగురు వచ్చి లాగారు. వేళ్ళు విప్పలేకపోయారు. పక్క బోట్లన్నీ ఒకటొకటిగా బయటికి వెళ్ళిపోయాయి. ఎండెక్కింది. పైన ఒలికిన ఐసు కరిగి నీళ్ళు నా కాళ్ళకిందికి వచ్చాయి. ఓనరు వచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు, నేనూ తిట్టాను. చివరికి దొరబాబు గది గుమ్మంలో కూర్చుని చుట్ట తీశాడు. వెలిగించలేదు.

"పద. పరీచ్చ సేయించుకుంటాను. నాకేం లేదని తేలాక ఆ కాయితం నీ మొహం మీద కొడతాను. మళ్ళీ నా గుమ్మం ఎక్కకు."

"అలాగే" అన్నాను.

అక్టోబరు 7

ఇద్దరికీ మళ్ళీ గొట్టం వేశారు. ఈసారి చేతికి పట్టీ కట్టి, దానిమీద పేరు రాసి, అడిగి, మళ్ళీ అడిగి వేశారు.

డాక్టరుకు చీటీ సంగతి చెప్పాను. అతను బల్లమీద చెయ్యి కొట్టి లేచాడు. "మొన్న అడిగితే లేదన్నారు! నాలుగు రోజులు పోయాయి. ఇది ఐసు ప్లాంటు అనుకున్నారా?" అని అరిచాడు.

"సీటీ సూసినోళ్ళు మనిషిని సూడలేదేటయ్యా?" అని నేనూ అరిచాను.

అతనన్నది నిజం. నేనన్నదీ నిజం. నీలిమ లేచింది. దొరబాబు ముక్క సీసాను చేత్తో పట్టుకుని తనే తీసుకుపోయింది. నన్ను నాలుగు మాటలు అనుంటే బాగుండేది.

అక్టోబరు 15

దొరబాబుదే.

నాకు వాపు. అవే మాత్రలు, అదే డబ్బా.

నీలిమ పాత ముక్కనూ కొత్త ముక్కనూ పక్కపక్కన పెట్టి చూసిందట. ఒకటే కేన్సరు, ఒకటే రంగు. ఇంకా చిన్నదే, తీసేయొచ్చు అంటున్నాడు డాక్టరు. అయితే మధ్యలో పోయిన రోజుల్లో ఎంత పెరిగిందో అతను చెప్పలేదు. నేను అడగలేదు.

దొరబాబు కాగితం నా మొహం మీద కొట్టలేదు. మడిచి గురువమ్మకిచ్చాడు. నావైపు చూడకుండా మెట్లు దిగిపోయాడు. గురువమ్మ ఆగింది.

"ఆ రోజు నీ ఇంటికొచ్చాను గదా అన్నా. పెసాదం ఇచ్చాను. అప్పటికి నీకు తెలుసా?"

తెలుసు అన్నాను.

ఏడవలేదు. తిట్టలేదు. చెంగు భుజం మీదికి లాక్కుని వెళ్ళిపోయింది. చిన్నప్పుడు నేను కొడితే తిరిగి కొట్టేది అది.

అక్టోబరు 16

తిన్నది: తినలేదు.

అక్టోబరు 29

దొరబాబుకు ఆపరేషను అయింది. కడుపులో సగం పైగా తీసేశారు. బాగానే జరిగిందట. ఇవన్నీ దుర్గ చెప్పింది. నన్ను వార్డులోకి రానివ్వొద్దని వాడు నర్సుకు చెప్పాడు. బయట బెంచీ మీద కూర్చున్నాను. వాచ్‌మన్ గుర్తుపట్టాడు. మొన్న తోసింది నువ్వే కదా అన్నాడు. నేనే అన్నాను. జరిగి చోటిచ్చాడు.

నవంబరు 2

బెంచీ.

నవంబరు 3

బెంచీ. గురువమ్మ నా ముందు నుంచే ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళింది, వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు నా పక్కన టీ గ్లాసు పెట్టి వెళ్ళింది. టీలో పంచదార లేదు. నేను పంచదార వేసుకుంటానని దానికి తెలుసు.

నవంబరు 5

ఈ రోజు లోపలికి రమ్మన్నాడు.

తిట్టడానికే. గొంతు లేవడం లేదు, అయినా తిట్టాడు. ఎదవ అన్నాడు. పిరికోడివి అన్నాడు. "నీ పాణం దక్కిందని తెలిసి కూడా నోరు మూసుక్కూర్చున్నావు, నాను బోటెక్కి పోతే ఏటి సేద్దువు బావా?" అన్నాడు. ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. అదే చెప్పాను. దానికి ఇంకా తిట్టాడు. నా చేతకానితనాన్ని తిట్టాడు, నా గీరను తిట్టాడు, నేను బోటు ఆపేసిన రోజు పోయిన ఐసును తిట్టాడు. మధ్యలో దగ్గొచ్చింది. కుట్లు లాగేసరికి రెండు చేతులతో కడుపు పట్టుకున్నాడు. చెంచాతో నీళ్ళు పట్టమంది నర్సు. పట్టాను. ఒక్కో చెంచాకూ ఆగి, మింగి, నన్ను చూశాడు.

"ఇంకా ఉంది" అన్నాడు.

"కానీ" అన్నాను.

కళ్ళు మూసుకుని మళ్ళీ మొదలెట్టాడు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.